ఎలక్ట్రిక్ కారుకు ఇంట్లో ఏ ప్లగ్ పాయింట్ పెట్టాలి? ఎంపిక నుంచి మొదటి చార్జింగ్ పరీక్ష దాకా

"గీజర్ పాయింట్ ఉంది కదా, కారు చార్జర్ దానికే పెట్టేయొచ్చా?" పాఠకులు ఈ ప్రశ్న రకరకాలుగా అడుగుతూనే ఉన్నారు. సాకెట్ మీద 16 ఆంపియర్లు అని రాసి ఉంటే చాలనుకునేవాళ్లే ఎక్కువ. గీజర్ నీళ్లు కాగగానే ఆగిపోతుంది. కారు మాత్రం ఆరు గంటలు, ఎనిమిది గంటలు, ఒక్కోసారి పది గంటలు ఏకధాటిగా కరెంటు లాగుతుంది, అదీ ఇంట్లో అందరూ నిద్రపోయే వేళ. కాబట్టి సాకెట్‌ను చూడాల్సింది అది ఎంత మోస్తుందని కాదు, ఎంతసేపు మోస్తుందని.

ఇక్కడి లెక్కలన్నీ 230 వోల్టుల సరఫరా ఉన్న ఇళ్లకు సరిపోతాయి. బోర్డు విప్పే పని, వైరు లాగే పని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి. ఏం చేయమని అడగాలో, చేశాక ఏం చూసుకోవాలో మీకు తెలియాలి. ఈ వ్యాసం అందుకే.

## 1. ముందు మీకు ఎన్ని ఆంపియర్లు కావాలో తేల్చుకోండి

సాకెట్ కొనే ముందు చార్జర్ డబ్బా మీది లేబుల్ చదవండి. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయి.

- 10 ఆంపియర్లు: 2.3 కిలోవాట్లు
- 16 ఆంపియర్లు: సుమారు 3.7 కిలోవాట్లు
- 32 ఆంపియర్లు: సుమారు 7.4 కిలోవాట్లు

ఇప్పుడు మీ వాడకం చూడండి. రోజుకు 40 కిలోమీటర్లు తిరిగే మామూలు కారుకు సుమారు 6 నుంచి 7 యూనిట్లు పడతాయి. 10 ఆంపియర్ల మీద పెట్టినా మూడు, మూడున్నర గంటల్లో ఆ లోటు నిండిపోతుంది. రాత్రి ఎటూ ఎనిమిది గంటలు కారు నిలబడే ఉంటుంది. అంటే చాలా ఇళ్లకు 16 ఆంపియర్లు అవసరమే లేదు.

చాలా కార్లలో తెర మీద గానీ, చార్జర్ డబ్బా మీది బటన్‌తో గానీ ఆంపియర్లు తగ్గించుకునే వీలుంటుంది. మీ దాంట్లో ఉందేమో వెతకండి. ఒకసారి తగ్గించాక, మర్నాడు అదే అంకె నిలిచి ఉందో లేదో కూడా చూడండి. కొన్ని ప్రతిసారీ మళ్లీ పాత అంకెకే వెళ్లిపోతాయి.

ఆ తర్వాత మీటరుకు మంజూరైన లోడు ఎంతో చూడండి. ఏసీ, గీజర్, కారు ఒకేసారి నడిస్తే మొత్తం ఎంతవుతుందో కాగితం మీద కూడండి. మంజూరైన దానికంటే ఎక్కువొస్తే కారును అర్ధరాత్రి తర్వాత మొదలయ్యేలా టైమర్ పెట్టండి, లేదా లోడు పెంచమని దరఖాస్తు చేయండి.

## 2. మంట ఎక్కడ పుడుతుందో అర్థం చేసుకోండి

ఈ భాగం దాటేయొద్దు. కింద చెప్పే ప్రతి జాగ్రత్తా దీన్నుంచే వస్తుంది.

సాకెట్ లోపల ఇత్తడి పట్టీలు ప్లగ్ పిన్నును రెండు వైపులా నొక్కి పట్టుకుంటాయి. ఆ పట్టు వదులైనా, వెనక వైరు స్క్రూ వదులైనా అక్కడ కరెంటుకు అడ్డంకి ఏర్పడుతుంది. ఆ అడ్డంకి ఓమ్‌లో పదో వంతే అనుకోండి. 15 ఆంపియర్లు పారితే ఆ ఒక్క చోటే 22 వాట్లకు పైగా వేడి పుడుతుంది. అంటే ఒక చిన్న సోల్డరింగ్ ఐరన్‌ను సాకెట్ లోపల పెట్టి రాత్రంతా వదిలేసినట్టు.

వేడికి ఇత్తడి పట్టీ స్ప్రింగు గుణం కోల్పోతుంది. పట్టు ఇంకా సడలుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది. మొదటి నెల బాగున్న పాయింట్ ఆరో నెలలో కరిగిపోవడానికి కారణం ఇదే.

మరి ఎంసీబీ (కరెంటు పరిమితి దాటితే లైను ఆపేసే స్విచ్) పడిపోదా? పడదు. ఎంసీబీ చూసేది ఎంత కరెంటు పోతోందన్నదే. లూజ్ కాంటాక్ట్ దగ్గర సాకెట్ కరుగుతున్నా లైనులో పోయేది అదే 15 ఆంపియర్లు కాబట్టి ఎంసీబీ లెక్కలో అంతా సవ్యంగానే ఉన్నట్టు. ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్) కూడా ఇక్కడ పనిచేయదు, ఎందుకంటే కరెంటు ఎక్కడికీ లీకవడం లేదు. వేడెక్కే సాకెట్‌ను కనిపెట్టే పరికరం మామూలు ఇంటి బోర్డులో లేదు.

ఆంపియర్లు తగ్గిస్తే మాత్రం వేడి ఎంత పడిపోతుందో చూడండి. అదే వదులు కాంటాక్ట్ దగ్గర 15 బదులు 10 ఆంపియర్లు పారితే పుట్టే వేడి 10 వాట్లే. కరెంటు మూడో వంతు తగ్గితే వేడి సగానికి పైగా తగ్గింది. యూరప్‌లో చాలా కార్ల కంపెనీలు మామూలు ఇంటి ప్లగ్గుకు ఇచ్చే పోర్టబుల్ చార్జర్‌ను 10 ఆంపియర్లకే పరిమితం చేయడం వెనక ఉన్నది ఈ లెక్కే.

## 3. ఉన్న పాయింట్‌ను వాడొచ్చా? వరసగా పరీక్షించండి

కింది క్రమంలోనే వెళ్లండి. ఎక్కడ తేడా తేలినా అక్కడే ఆగి దాన్ని సరిచేయించండి, లేదా కొత్త లైను గురించి ఆలోచించండి.

1. డీబీలో (ఎంసీబీలన్నీ ఉండే ఇంటి ప్రధాన బోర్డు) ఆ పాయింట్ ఎంసీబీ ఆఫ్ చేసి ఇల్లంతా తిరగండి. ఇంకేవైనా ఆగిపోయాయా? ఆగితే ఆ లైను పంచుకున్నది, కారుకు పనికిరాదు.
2. ప్లగ్ పెట్టి మెల్లగా లాగండి. గట్టిగా పట్టుకుందా? దానంతట అదే జారినా, అటూ ఇటూ ఊగినా సాకెట్ మార్చాల్సిందే.
3. సాకెట్ రంధ్రాల చుట్టూ గోధుమ రంగు మరక, ఉబ్బు, కాలిన వాసన ఉన్నాయా?
4. ఎలక్ట్రీషియన్ చేత మెయిన్ ఆఫ్ చేయించి, ప్లేటు విప్పించి వెనక చూడండి. వైరు రాగిదేనా? మందం ఎంత (ఎంత ఉండాలో 6వ భాగంలో ఉంది)? అల్యూమినియం వైరైతే కారుకు వద్దు. అది స్క్రూ కింద మెల్లమెల్లగా నలిగి వదులవుతుంది, పైన తుప్పు పొర కడుతుంది.
5. వైరు చివర తీగలన్నీ టెర్మినల్ లోపలికి వెళ్లాయా?

అయిదోది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, నేను చూసిన కరిగిన సాకెట్లలో చాలావాటికి మూలం అక్కడే. 4 చదరపు మిల్లీమీటర్ల వైరు చౌక సాకెట్ టెర్మినల్‌లో పట్టదు. పని త్వరగా తెమలాలని కొందరు నాలుగైదు తీగలు కత్తిరించి మిగతావి దూరుస్తారు. గోడలో మందం వైరు, చివరి అర అంగుళంలో సన్నం వైరు అన్నమాట. టెర్మినల్ పక్కన తెగిన తీగల మొనలు కనిపిస్తే ఆ పని మళ్లీ చేయించండి.

## 4. ఎర్తింగ్: ఇక్కడ రాజీ లేదు

కారు చార్జర్ మొదలయ్యే ముందు ఎర్త్ ఉందో లేదో చూసుకుంటుంది. లేకపోతే ఎర్ర లైటు వెలిగించి ఆగిపోతుంది. అది చార్జర్ లోపం కాదు. అది ఆగిపోయిందంటే మీ ఇంటి ఎర్తింగ్ సంగతి బయటపెట్టిందనే అర్థం.

అప్పుడు కొందరు చేసే ఘోరమైన పని ఒకటుంది. సాకెట్ వెనక న్యూట్రల్ నుంచి ఎర్త్ పిన్నుకు చిన్న వైరు ముక్క కలిపేస్తారు. చార్జర్ మోసపోయి పనిచేస్తుంది, అందరూ సంతోషిస్తారు. ఏదో ఒక రోజు న్యూట్రల్ ఎక్కడో తెగితే కారు బాడీ మొత్తానికి ఫేజ్ కరెంటు వచ్చేస్తుంది. తడి నేల మీద చెప్పుల్లేకుండా నిలబడి డోర్ పట్టుకున్నవాళ్లు ప్రాణాలతో ఉండరు. ఇలా కలిపే ఎలక్ట్రీషియన్‌ను ఆ క్షణమే ఆపండి. ఎర్త్ ఉన్నట్టు నమ్మించే డమ్మీ ప్లగ్గులు కూడా ఇదే కోవలోకి వస్తాయి.

మల్టీమీటరుతో చూడాల్సినవి:

- ఫేజ్, న్యూట్రల్ మధ్య: సుమారు 230 వోల్టులు
- ఫేజ్, ఎర్త్ మధ్య: దాదాపు అంతే
- న్యూట్రల్, ఎర్త్ మధ్య: లోడు ఉన్నా రెండు మూడు వోల్టులకు మించకూడదు. ఎప్పుడూ కచ్చితంగా సున్నా వస్తే వెనక ఎవరైనా ముక్క కలిపారేమో విప్పి చూడండి.

ఇవన్నీ సరిగా వచ్చినా ఎర్త్ తీగ ఉందని మాత్రమే తేలుతుంది. ప్రమాదం వేళ అది కరెంటును దించగలదా అన్నది ఎర్త్ రెసిస్టెన్స్ కొలిచే పరికరంతోనే తెలుస్తుంది. ఎలక్ట్రీషియన్‌ను ఆ కొలత అంకె కాగితం మీద రాసిమ్మని అడగండి. మూడు లైట్ల చిన్న సాకెట్ టెస్టర్‌ను నమ్ముకోవద్దు. న్యూట్రల్‌కు కలిపిన ఎర్త్‌ను అది మంచి ఎర్త్ అనే చూపిస్తుంది.

కారును ముట్టుకుంటే చిన్నగా జిల్లుమంటోందా? చార్జర్ లోపలి ఫిల్టర్ నుంచి కొద్దిపాటి కరెంటు ఎర్త్‌లోకి పోవడం మామూలే. అది పోయే దారి లేనప్పుడే బాడీ మీద తెలుస్తుంది. వెంటనే చార్జింగ్ ఆపండి.

## 5. ఏ సాకెట్?

మూడు దారులున్నాయి. నా అభిప్రాయంలో మంచిది చివరిదే, కానీ అందరికీ అది అవసరపడదు.

మామూలు ఇంటి పవర్ సాకెట్. 10 ఆంపియర్లకు మించకుండా వాడితే, లైను విడిగా ఉంటే, ఇది పనికొస్తుంది. కొనేటప్పుడు చేతిలోకి తీసుకుని చూడండి: బరువుందా, ఇత్తడి పట్టీ మందంగా ఉందా, టెర్మినల్‌లో 4 చదరపు మిల్లీమీటర్ల వైరు పూర్తిగా పడుతుందా, ప్రామాణిక ముద్ర ఉందా. మీ చార్జర్ ప్లగ్గును దుకాణానికి తీసుకెళ్లి పెట్టి చూడండి. పక్కనే ఉండే స్విచ్ కూడా అంతే కరెంటు మోయాలని మరవకండి. సాకెట్ చల్లగా ఉండి స్విచ్ కాలే ఇళ్లూ ఉన్నాయి.

ఇండస్ట్రియల్ సాకెట్. గుండ్రటి పిన్నులు, పైన మూత ఉండే నీలం రంగుది. నీలం అంటే 200 నుంచి 250 వోల్టుల శ్రేణిది. పసుపు 110 వోల్టులకు, ఎరుపు 400 వోల్టులకు. గంటల తరబడి లోడు మోయడానికి ఇది ఇంటి సాకెట్ కంటే ఎంతో నయం. పిన్నులు లావు, పట్టు బలం ఎక్కువ. అయితే ఆ ప్లగ్గుతో వచ్చే చార్జరే కొనాలి. మీ చార్జర్‌కున్న ప్లగ్ కోసేసి దీన్ని తగిలించొద్దు. కొన్ని చార్జర్ల ప్లగ్గులో వేడి కనిపెట్టే సెన్సర్ ఉంటుంది. ప్లగ్ కోస్తే దాన్నీ కోసేసినట్టే, వారంటీ కూడా పోతుంది.

గోడ చార్జర్. వైరు నేరుగా లోపలికి వెళ్లి స్క్రూలతో బిగుసుకుంటుంది. సాకెట్టే లేదు కాబట్టి సాకెట్ కరిగే బాధ లేదు. రోజూ 100 కిలోమీటర్లకు పైగా తిరిగేవాళ్లు, 16 ఆంపియర్లు దాటి కావాల్సినవాళ్లు ఇంకో ఆలోచన లేకుండా దీనికే వెళ్లండి.

## 6. లైను: వైరు, ఎంసీబీ, ఆర్‌సీసీబీ

కారు లైను డీబీ నుంచి నేరుగా రావాలి, మధ్యలో ఎక్కడా అతుకు ఉండకూడదు.

వైరు మందం దూరాన్ని బట్టి మారుతుంది. డీబీ నుంచి పార్కింగ్ 30 మీటర్లు అనుకోండి. 15 ఆంపియర్ల మీద 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరులో 6 వోల్టులకు పైగా పడిపోతాయి, 95 వాట్ల దాకా వైరు వేడికే పోతుంది. 4 చదరపు మిల్లీమీటర్లది వేస్తే 4 వోల్టులు, 6 వేస్తే 2.6 వోల్టులు. ఆ 95 వాట్లు రోజూ మీ బిల్లులోకే వస్తాయి.

- 10 నుంచి 16 ఆంపియర్లు: కనీసం 4 చదరపు మిల్లీమీటర్లు, దూరం ఎక్కువైతే 6
- 32 ఆంపియర్లు: కనీసం 6, గోడలోని పైపులో పోతున్నా దూరం ఎక్కువైనా 10
- ఎర్త్ వైరు కూడా ఫేజ్ వైరంత మందమే వేయించుకోండి

ఎంసీబీ సి కర్వ్ (స్విచ్ వేసిన క్షణంలో వచ్చే కొద్దిపాటి కరెంటు ఉప్పెనకు పడిపోని రకం) తీసుకోండి. 16 ఆంపియర్ల ఇంటి సాకెట్‌కు 16 ఆంపియర్ల ఎంసీబీ, అంతకు మించొద్దు. 32 ఆంపియర్ల గోడ చార్జర్‌కు 40. అమెరికా విద్యుత్ నియమావళి మూడు గంటలు, అంతకు మించి నడిచే లోడుకు లైను సామర్థ్యం 125 శాతం ఉండాలంటుంది. 32 కు 40 అన్న లెక్క దానికి సరిపోతుంది. మీ ఊరి నియమం ఇంకా కఠినంగా ఉంటే దాన్నే పాటించండి.

ఆర్‌సీసీబీ 30 మిల్లీ ఆంపియర్లది, ఈ లైనుకు విడిగా పెట్టించండి. ఇక్కడ రకం ముఖ్యం. చాలా ఇళ్లలో ఉండేది టైప్-ఏసీ. కారు చార్జర్ నుంచి డీసీ లీకేజీ వస్తే దాన్ని ఇది గుర్తించదు, పైగా మొద్దుబారి అసలు షాక్ కొట్టినప్పుడు కూడా పడకపోవచ్చు. కనీసం టైప్-ఏ కావాలి. చార్జర్‌లో 6 మిల్లీ ఆంపియర్ల డీసీ లీకేజీని పట్టుకునే ఏర్పాటు ఉందో లేదో మాన్యువల్‌లో చూడండి. ఉంటే టైప్-ఏ చాలు, లేకపోతే టైప్-బి.

దుకాణంలో మాట నమ్మకుండా ఆర్‌సీసీబీ ముఖం మీది గుర్తు చూడండి. ఒక్క అల గీత మాత్రమే ఉంటే టైప్-ఏసీ. అల గీత కింద సగం అలలు కూడా గీసి ఉంటే టైప్-ఏ.

## 7. ఎక్కడ బిగించాలి

- చార్జర్ డబ్బా సాకెట్‌కు వేలాడకూడదు. దాని బరువు పిన్నులను కిందికి లాగి పట్టు వదులు చేస్తుంది. గోడకు కొక్కెం కొట్టి డబ్బాను దానికి తగిలించండి.
- ఆరుబయటైతే ప్లగ్ పెట్టి ఉన్నప్పుడు కూడా మూత మూసుకునే డబ్బా కావాలి, ఐపీ 54 (దుమ్ము, నీటి చుక్కలను ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె) లేదా అంతకంటే మెరుగైనది. ప్లగ్ పెట్టగానే మూత తెరుచుకుని ఉండేది వానకు పనికిరాదు.
- కేబుల్ కిందకు ఒక వంపు తిరిగి పైకి వచ్చేలా ఉంచండి. నీటి చుక్కలు ఆ వంపు దగ్గరే రాలిపోతాయి, సాకెట్‌లోకి పాకవు.
- గ్యాస్ సిలిండర్, పెట్రోలు డబ్బాలు, పాత పేపర్ల కట్టలు దగ్గర్లో వద్దు.
- కారు పాయింట్‌ను ఇన్వర్టర్ లైను నుంచి తీయొద్దు.

## 8. మొదటి చార్జింగ్: పగలే, మీరు మెలకువగా ఉన్నప్పుడే

1. స్విచ్ ఆఫ్‌లో ఉంచి ప్లగ్ పూర్తిగా లోపలికి నొక్కండి. తర్వాత స్విచ్ వేయండి. ఆ తర్వాతే గన్ (కేబుల్ రెండో చివర ఉండే పిడి) కారుకు పెట్టండి.
2. చార్జింగ్ మొదలయ్యే ముందు, తర్వాత కారు తెర మీద వోల్టులు చూడండి. 230 ఉన్నది 215 కు పడితే, 15 ఆంపియర్ల మీద 225 వాట్లు దారిలో ఎక్కడో వేడిగా పోతున్నట్టు. కొంత వీధి లైనులోనూ కావచ్చు. డీబీ దగ్గర కూడా కొలిపించి మీ ఇంటి భాగం ఎంతో తేల్చుకోండి.
3. పది నిమిషాలకు, అరగంటకు, గంటకు, రెండు గంటలకు చేతి వెనక భాగంతో ప్లగ్, సాకెట్ ప్లేటు, స్విచ్, డీబీలో ఎంసీబీ ముఖం తాకి చూడండి. నులివెచ్చగా ఉంటే ఫర్వాలేదు. చేయి ఆనించి ఉంచలేకపోతే ఆపేయండి.
4. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంటే ప్లాస్టిక్ భాగం మీదే గురిపెట్టండి. మెరిసే ఇత్తడి పిన్ను మీద అది తక్కువ చూపిస్తుంది. 60 డిగ్రీలు దాటితే ఆ పాయింట్ వాడొద్దు. 50 దగ్గర ఉంటే ఆంపియర్లు తగ్గించి మళ్లీ చూడండి.

రెండు గంటలు ఎందుకంటే, ప్లాస్టిక్ మెల్లగా వేడెక్కుతుంది. పది నిమిషాలకు చల్లగా ఉన్నది రెండో గంటకు కాలవచ్చు.

ఆపేటప్పుడు క్రమం తిరగేయండి: కారులో చార్జింగ్ ఆపు, గన్ తీయి, స్విచ్ ఆఫ్, చివర్న ప్లగ్. లోడు మీదుండగా గోడ ప్లగ్ లాగితే లోపల నిప్పురవ్వ పుట్టి పిన్ను మీద గుంటలు పడతాయి. ఆ గుంటలే తర్వాత వేడికి మూలం.

## 9. ఎక్కువమంది చేసే తప్పులు

ఎక్స్‌టెన్షన్ బాక్స్. కేబుల్ అందడం లేదని పెడతారు. ఒక కాంటాక్ట్ ఉన్నచోట రెండు మూడు వస్తాయి, చుట్టగా ఉన్న వైరైతే వేడి బయటకు పోలేక తొడుగు మెత్తబడుతుంది. పాయింట్‌ను కారు దగ్గరికి జరపండి. కన్వర్టర్ ప్లగ్గులు, మల్టీప్లగ్గులు, వైఫై ప్లగ్గులకూ ఇదే మాట.

ఎంసీబీ పడుతోందని పెద్దది వేయడం. 16 పడుతోందంటే 25 వేస్తారు, కిందున్న వైరు మాత్రం అదే. అప్పుడు ఎంసీబీ పడకముందే వైరు కాలుతుంది. ముందు ఎంసీబీ స్క్రూల బిగువు చూపించండి, ఎందుకంటే ఎంసీబీలోనే స్క్రూ వదులైతే ఆ వేడి కూడా దాన్ని పడేస్తుంది. తర్వాత ఆంపియర్లు తగ్గించండి.

ఆర్‌సీసీబీ పడుతోందని తీసేయడం. దాన్ని తీసేయకుండా కారణం వెతకండి. చార్జర్‌ను మంచి ఎర్త్ ఉన్న ఇంకో చోట పెట్టి చూస్తే లోపం ఇంటిదో చార్జర్‌దో తెలిసిపోతుంది.

## 10. తర్వాత చూసుకోవాల్సినవి

నెలకోసారి ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కండి. పడకపోతే ఆ రాత్రి చార్జింగ్ వద్దు. ప్లగ్ తీసి పిన్నులు చూడండి: నల్లబడ్డాయా, రంగు మారాయా? కొత్త లైను వేసిన నెలకు ఒకసారి, తర్వాత ఏడాదికోసారి మెయిన్ ఆఫ్ చేయించి టెర్మినల్ స్క్రూలు బిగింపజేయండి.

ఎప్పుడైనా సాకెట్ కరిగితే సాకెట్ ఒక్కటే మార్చి ఊరుకోవద్దు. కాలిన పిన్ను గరుకుగా తయారై ఉంటుంది, అది కొత్త సాకెట్ పట్టీలను కొన్ని వారాల్లోనే పాడు చేస్తుంది. సాండ్‌పేపర్‌తో రుద్దినా పైపూత పోతుందే తప్ప పిన్ను బాగుపడదు. సాకెట్, చార్జర్ ప్లగ్ రెండూ మార్పించండి. ప్లగ్ మార్పు చార్జర్ సర్వీస్ వాళ్ల చేతే చేయించండి. గోడలో వైరు తొడుగు గట్టిపడి పెళుసైన చోటు దాకా కత్తిరించి, కింద మెరిసే రాగి కనిపించాకే కొత్త సాకెట్‌కు బిగించమనండి. వైరు పొట్టి పడితే అతుకు వేయనివ్వకుండా డీబీ నుంచి కొత్తది లాగించండి.